అప్‌డేట్: సూది లేకుండా షుగర్ చెప్పే వాచీ సంగతి
పోయిన నెల అడిగాను కదా, నాన్నకి రోజూ వేలికి సూది గుచ్చుకునే బాధ తప్పుతుందని రెండున్నర వేలు పెట్టి షుగర్ చూపించే వాచీ కొన్నాను, నమ్మొచ్చా అని. నమ్మకూడదు. పది రోజులు గ్లూకోమీటర్ పక్కన పెట్టుకుని రాశాను, పరగడుపున మీటర్ 168 అంటే వాచీ 104, అన్నం తిన్న రెండు గంటలకి మీటర్ 251, వాచీ మాత్రం 109 దగ్గరే కూర్చుంది. మీలో ఒకరు చెప్పినట్టు సొరకాయకి కట్టి చూశాను, దానికీ 106 వచ్చింది! అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది.

ఎందుకిలా అని కాస్త చదివాను. ఈ వాచీలు చర్మం మీద కాంతి వేసి షుగర్ కొలుస్తామంటాయి. అలాగే కాంతితో కొలిచే, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ పనిచేస్తుంది, ఎందుకంటే రక్తంలోని హిమోగ్లోబిన్‌కి రంగు ఉంది, ఆక్సిజన్ ఉన్నప్పుడు ఒకలా లేనప్పుడు ఇంకోలా ఎరుపు కాంతిని పీలుస్తుంది. గ్లూకోజ్‌కి రంగు లేదు. కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో దాని జాడ దొరుకుతుంది కానీ అక్కడే నీళ్లు, కొవ్వు, ప్రోటీన్ కూడా కాంతిని పీల్చేస్తాయి, పైగా రక్తంలో షుగర్ డెసిలీటర్‌కి (100 మిల్లీలీటర్లకి) 100 మిల్లీగ్రాములంటే సుమారు 0.1 శాతమే, చెమట పట్టినా వాచీ కాస్త జరిగినా ఆ చిన్న తేడా కొట్టుకుపోతుంది. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో రామన్ స్పెక్ట్రోస్కోపీతో (లేజర్ కాంతి చెదిరే తీరుని బట్టి పదార్థాన్ని గుర్తుపట్టే పద్ధతి) ఏళ్లుగా ప్రయత్నిస్తున్నారు, అది వేరే స్థాయి. మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ అయితే 2024 ఫిబ్రవరిలోనే ఇలాంటి వాచీలు, ఉంగరాలు వాడొద్దని హెచ్చరించింది, అప్పటికి ఒక్కదానికీ అనుమతి ఇవ్వలేదు.

డబ్బులు తిరిగివ్వనన్నాడు అమ్మినవాడు. నాన్న మళ్లీ మీటర్‌కే వచ్చారు. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువని డాక్టర్ గారు చెప్పారు, నిజంగానే తక్కువట. వాచీ టైమ్ బాగానే చూపిస్తోంది, తమ్ముడు పెట్టుకున్నాడు.