ఈశాన్య వానలకు ముందే టమాటా నాటాలా, కార్తీకం దాకా ఆగాలా?

కావలి పెరడు:
అందరికీ నమస్కారం. మా ఇంటి వెనక రెండు సెంట్ల చోటుంది. ఇసుక కలిసిన ఎర్రనేల, బావి నీళ్ళు. వినాయక చవితి అయిపోయింది, ఈసారి ఏమేం వేయాలో రాసుకుంటున్నాం. టమాటా, వంగ, బీర, పందిరి చిక్కుడు, ఆకుకూరలు అనుకున్నాం. వాన మొక్కకు మంచిదే, ఇప్పుడే నారు తెచ్చి నాటేద్దాం అంటారు మావారు. కార్తీకం వెళ్ళేదాకా మడి ముట్టుకోవద్దంటారు మా అత్త. యూట్యూబులో హైదరాబాదు వాళ్ళేమో జూన్‌లోనే పెట్టేస్తున్నారు. ఎవరి మాట వినాలి?

నెల్లూరు మిద్దెతోట:
అక్కా, మీ అత్తగారి మాట వినండి. హైదరాబాదు లెక్క మనకు కుదరదు. వాళ్ళకు వాన జూన్ నుంచి సెప్టెంబరు దాకా. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి మించి అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. ఇప్పుడు నాటితే సరిగ్గా పూతకొచ్చే వేళకు చిత్త, స్వాతి కార్తెల వాన పట్టుకుంటుంది. తడిసిన పూతలో పుప్పొడి రాలదు, పిందె కట్టదు. మొక్క మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తే వేరుకు గాలి అందక, ఎండ రాగానే మొక్క వాడిపోతుంది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పటి వాన గుర్తుందిగదా, అలాంటి వానకు ఏ మడీ ఆగదు.

ఒంగోలు రేగడి:
ఇప్పుడే నాటొద్దన్నంత వరకు ఒప్పుకుంటా అన్నా. కార్తీకం వెళ్ళేదాకా ఆగడం మాత్రం తప్పు. లెక్క చూడండి. డిసెంబరు మొదట్లో విత్తనం పోస్తే నారు అందడానికి 25, 30 రోజులు. నాటాక తొలి కాయ కోయడానికి ఇంకో రెండు నెలలు పైనే. అంటే మార్చి. మన ఎండ 35 డిగ్రీలు దాటాక టమాటా పూత రాలిపోతుంది. అంత చాకిరీ చేసి నాలుగు కోతలు కూడా దక్కవు. తుఫాను భయం అంటారా, 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ భయం పూర్తిగా పోవాలంటే సంక్రాంతి దాకా కూర్చోవాలి.

నేను చెప్పేది ఇది. అక్టోబరు మధ్యలో నారు పోయండి, కానీ నేలలో కాదు. ట్రేలోనో పాత టబ్బులోనో పోసి, పైన పట్టా కప్పి, పక్కల గాలి ఆడనివ్వండి. తడి ఎక్కువైతే నారుకుళ్ళు వస్తుంది, అందుకని పైపైన చిలకరిస్తే చాలు. నవంబరు మధ్యకు జానెడు ఎత్తు బోదెల (ఎగదోసిన మట్టి గట్ల) మీద నాటండి. మీది ఇసుక నేల, నీళ్ళు త్వరగా దిగిపోతాయి. మా నల్లరేగడిలో అయితే ఈ మాట అంత ధైర్యంగా చెప్పను.

కనిగిరి గోంగూర:
మీరంతా వాన ఎక్కువై బాధపడుతున్నారు. మా వైపు ఆ వాన కోసమే ఎదురుచూస్తాం. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, కొత్త మొక్కకు పోస్తే ఆకు అంచులు మాడిపోతాయి. వాన నీళ్ళతోనే మొలక లేవాలి మాకు. కాబట్టి తేదీ అడిగే ముందు నీళ్ళు చూసుకోండి. ఉప్పుకు పాలకూర, బీట్‌రూట్ ఓర్చుకుంటాయి. బీన్స్ అసలు ఓర్చుకోదు.

కావలి పెరడు:
మా బావి నీళ్ళు తాగేవే అన్నా. టమాటా సంగతి అర్థమైంది. మరి బీర, చిక్కుడు?

నెల్లూరు మిద్దెతోట:
ఇసుక నేలకు ఎత్తు బోదె, నవంబరు మధ్య అంటే నాకూ అభ్యంతరం లేదు. రేగడిలో, పల్లపు పెరట్లో మాత్రం ఆగమనే అంటాను.

బీర ఈ వారమే పెట్టండి, పందిరి మీదకు పోతుంది కాబట్టి నేల తడికి కాయ కుళ్ళదు. వాన రోజుల్లో పుప్పొడి మోసే పురుగులు తిరగవు. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, ఆ వేళ మగపువ్వు కోసి పిందె ఉన్న పువ్వుకు అద్దండి. చిక్కుడుకు ఆలస్యమైంది. పగటి పొద్దు తగ్గేకొద్దీ అది పూతకొస్తుంది, ఇప్పుడు పెడితే తీగ సాగకముందే పూస్తుంది. ఒక్క పాదు చాలు, వచ్చే ఏడు ఆషాఢంలో పెట్టుకోండి.

ఒంగోలు రేగడి:
తోటకూర, గోంగూర ఇప్పుడే చల్లేయండి అక్కా. గట్టి వాన పట్టేలోపు ఒకటి రెండు కోతలు వస్తాయి, ఆ మడే తర్వాత టమాటాకు ఖాళీ అవుతుంది.