అంబాసిడర్ పెట్రోలు, డైనమో బండి: ఎలక్ట్రిక్ ఫ్యానుకి థర్మో స్విచ్ ఎక్కడ పెట్టాలి?

బెజవాడ అంబీ:
నమస్తే అండీ. బండి అంబాసిడర్ మార్క్ 3, 1489 సీసీ పెట్రోలు, బ్యాటరీ చార్జ్ చేసేది పాత రకం డైనమో. ఇత్తడి రేడియేటర్, 82 డిగ్రీల థర్మోస్టాట్ (నీళ్లు ఆ వేడికి వచ్చాకే రేడియేటర్‌కి వదిలే కవాటం). బెల్టు ఫ్యాను తీసేసి మారుతి 800 ఎలక్ట్రిక్ ఫ్యాను ఇంజన్ వైపు బిగించాను. ప్రస్తుతానికి డాష్‌బోర్డు మీద మామూలు స్విచ్‌తో నడుస్తోంది. పది నిమిషాలకే ఆ స్విచ్ ముట్టుకోలేనంత వేడెక్కుతోంది. థర్మో స్విచ్ (నీళ్ల వేడిని బట్టి ఫ్యానును తానే ఆన్, ఆఫ్ చేసేది) పెడదామంటే ఆటోనగర్‌లో రెండు రకాలు చూపించారు. ఒకదాని మీద 92-87, రెండోదాని మీద 88-83 అని కొట్టి ఉంది. ఏది తీసుకోవాలి? పై ట్యాంకులోనా, కింది ట్యాంకులోనా? రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) తప్పదా?

రాణిగంజ్ వైరింగ్:
రిలే తప్పదండీ. మీ స్విచ్ వేడెక్కడానికి కారణమే అది. ఇలాంటి ఫ్యాను తిరిగేటప్పుడు 7 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది, స్టార్టయ్యే క్షణంలో అంతకు రెండు మూడు రెట్లు. క్లాంప్ మీటర్‌తో చూడండి. మామూలు మల్టీమీటర్ 10 ఆంపియర్ల రేంజిలో పెడితే ఆ మొదటి దెబ్బకే దాని ఫ్యూజు పోవచ్చు. రిలే కాయిల్‌కి 0.2 ఆంపియర్ కూడా అక్కర్లేదు, థర్మో స్విచ్ మోయాల్సింది అంతే.

12 వోల్టుల 30 ఆంపియర్ల నాలుగు కాళ్ల రిలే తీసుకోండి. కాళ్ల మీది నంబర్ల ప్రకారం ఇలా కలపండి.
30: బ్యాటరీ లావు కేబుల్ వచ్చే సోలినాయిడ్ (స్టార్టర్ స్విచ్) స్టడ్ నుంచి. 20 ఆంపియర్ల ఫ్యూజు స్టడ్‌కి జానెడు దూరంలోపే ఉండాలి. దూరంగా పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు ఆ ఫ్యూజు ఉండీ లేనట్టే.
87: ఫ్యానుకి. 30కీ 87కీ 2.5 స్క్వేర్ (చదరపు మి.మీ.) వైరు, ఫ్యాను ఎర్తుకీ (బాడీకి కలిపే వైరు) అదే.
86: తాళం తిప్పితే కరెంటు వచ్చే ఫ్యూజు వైపు నుంచి. ఒరిజినల్ వైరింగ్ అయితే ఆకుపచ్చ వైరు. ఇన్నేళ్లలో ఎవరు ఏం మార్చారో, మీటర్ పెట్టి చూసుకోండి.
85: థర్మో స్విచ్‌కి, అక్కణ్నుంచి ఎర్తుకి. ఇక్కడ 1 స్క్వేర్ సరిపోతుంది.

డాష్‌బోర్డు స్విచ్ పీకేయకండి. దాన్ని 85కీ ఎర్తుకీ మధ్య, థర్మో స్విచ్‌కి సమాంతరంగా కలపండి. నీళ్లు తగ్గి స్విచ్ మొన గాలిలో తేలితే దానికి వేడి సరిగా తెలియదు, ఇంజన్ కాలిపోతున్నా ఫ్యాను తిరగదు. అప్పుడు చేతి స్విచ్చే దిక్కు. అందుకే టెంపరేచర్ మీటరు కూడా పనిచేస్తూ ఉండాలి.

ముందు బ్యాటరీలో ఏ టెర్మినల్ బాడీకి కలిసిందో చూడండి. పాత బండి పాజిటివ్ ఎర్త్ అయితే ఫ్యాను వైర్లు తారుమారు చేయాలి, లేకపోతే ఎదురు తిరుగుతుంది. లోపల డయోడ్ ఉన్న రిలే అయితే ఆ డయోడ్ దిక్కు కూడా చూసుకోవాలి. పరీక్ష తేలిక: బండి ఆపి, ఫ్యాను వేసి, రేడియేటర్ ముందు వైపు న్యూస్‌పేపర్ ముక్క పెట్టండి. జాలీకి అతుక్కుని నిలబడితే గాలి సరిగా లాగుతున్నట్టు. ఎగిరి గ్రిల్ మీద పడితే ఉల్టా.

టంకం పని:
స్విచ్ మీద మొదటి నంబరు ఆన్, రెండోది ఆఫ్. చోటు నిర్ణయించకుండా నంబరు చెప్పలేం.

పై ట్యాంకు, పై హోస్ దగ్గర ఇంజన్ నుంచి వచ్చే వేడి నీళ్లు. అక్కడైతే 92-87. ఆఫ్ అయ్యే వేడి థర్మోస్టాట్ నంబరు కంటే ఎక్కువ ఉండి తీరాలి. 82 థర్మోస్టాట్ ఉన్న ఇంజన్ వేడెక్కాక ఎలాగూ 82కి కిందికి రాదు. ఆఫ్ నంబరు 80 ఉన్న స్విచ్ పెడితే ఫ్యాను ఆగనే ఆగదు. 83 కూడా మరీ అంచున ఉంది. రేపు 88 థర్మోస్టాట్ వేస్తే మాత్రం 95-90 కావాలి.

కింది ట్యాంకులో నీళ్లు చల్లబడి వస్తాయి కాబట్టి అక్కడ 88-83 లేదా అంతకంటే తక్కువది. నా ఓటు కింది ట్యాంకుకే. రేడియేటర్ తన పని తాను చేయలేకపోయినప్పుడే ఫ్యాను లేస్తుంది, హైవే మీద అనవసరంగా తిరగదు. నీటిమట్టం కాస్త తగ్గినా మొన మునిగే ఉంటుంది.

ఇత్తడి ట్యాంకు కాబట్టి రేడియేటర్ షాపులో మరలున్న ఇత్తడి నట్టు టంకం పెట్టించండి. స్విచ్ చేతిలో పెట్టుకునే వెళ్లండి, ఎం16 (16 మి.మీ. మర) రకమూ ఉంది, ఎం22 రకమూ ఉంది. టంకం వేసేటప్పుడు స్విచ్ బిగించి ఉంచకూడదు, ఆ వేడికి చచ్చిపోతుంది. రాగి వాషర్‌తో బిగిస్తే చాలు.

ట్యాంకుకి బెజ్జం ఇష్టం లేకపోతే హోస్ కోసి మధ్యలో పెట్టే అల్యూమినియం గొట్టం దొరుకుతుంది. దానికి రెండు వైపులా రబ్బరే, ఎర్తు ఉండదు. తన ఒంటి ద్వారానే ఎర్తు అయ్యే ఒంటి పిన్ను స్విచ్ పెట్టి "పనిచేయట్లేదు" అని తిరిగి ఇచ్చేసేవాళ్లలో చాలామంది తప్పు ఇదే. గొట్టానికి విడిగా ఎర్తు వైరు వేయండి, లేదా రెండు పిన్నుల స్విచ్ కొనండి.

బిగించేముందు గిన్నెలో నీళ్లు కాచి, స్విచ్ మొన మాత్రమే మునిగేలా వైరుతో వేలాడదీయండి. గిన్నె అడుగు తగలకూడదు. స్విచ్‌కి కలిపిన మల్టీమీటరు బీప్ ఏ వేడికి మొదలై ఏ వేడికి ఆగిందో థర్మామీటర్‌తో రాసుకోండి. బోరు నీళ్లు మానేసి కూలెంట్ పోయండి, సున్నం పేరుకుంటే స్విచ్ ఆలస్యంగా లేస్తుంది.

చార్జింగ్ సంగతి:
స్విచ్ సరే, డైనమో మాటేమిటి? లూకాస్ సీ40 రకం డైనమో ఇచ్చేది మహా అయితే 22-25 ఆంపియర్లు, అదీ రేసు మీద. ఐడిల్‌లో దాదాపు సున్నా. ఫ్యాను లేచేదేమో సరిగ్గా బండి నిలబడినప్పుడు. రాత్రి ట్రాఫిక్‌లో హెడ్‌లైట్లు 9, ఫ్యాను 8, ఇగ్నిషన్ 3 కలిపితే 20 ఆంపియర్లు నేరుగా బ్యాటరీలోంచే. రోహిణి కార్తెలో గంటసేపు ఇరుక్కుంటే మళ్లీ సెల్ఫ్ తిరగదు. ఐడిల్‌లోనూ చార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్ వేసుకోండి.

ఇంకొకటి, బెల్టు ఫ్యాను తీశాక పాత బోల్టులే బిగించారా? ఫ్యాను మందం పోయింది కాబట్టి అవి వెనక్కి పొడుచుకొచ్చి వాటర్ పంపు బాడీకి రాసుకోవచ్చు. పొట్టి బోల్టులైనా వేయండి, వాషర్లైనా పెట్టండి.

బెజవాడ అంబీ:
కింది ట్యాంకులో 88-83 పెట్టించాను, ఆన్ ఆఫ్ చక్కగా అవుతోంది. బోల్టులూ మార్చాను. కానీ ఫ్యాను తిరుగుతుండగా తాళం కట్టేస్తే ఇంజన్ వెంటనే ఆగట్లేదు, రెండు సెకన్లు ఆడి ఆగుతోంది. ఫ్యాను తిరగనప్పుడు ఆ సమస్య లేదు.

రాణిగంజ్ వైరింగ్:
30ని స్టడ్ నుంచి కాకుండా తాళం వైపు తెల్ల వైరు నుంచి తీసినట్టున్నారు. తాళం కట్టేసినా ఫ్యాను ఊపు మీద తిరుగుతూ డైనమోలా కరెంటు పుట్టిస్తుంది. అది 87 నుంచి 30 మీదుగా ఇగ్నిషన్ కాయిల్‌కి వెళ్తోంది, అదే కరెంటు రిలేనీ పట్టి ఉంచుతోంది. 30ని ఫ్యూజుతో సహా సోలినాయిడ్ స్టడ్ మీదికి మార్చండి, 86 ఉన్నచోటే ఉండనివ్వండి. తాళం కట్టేయగానే రిలే విడిపోతుంది, ఇంజన్ ఆగుతుంది.