అప్‌డేట్: హెచ్‌టీఎంఎల్ అంతా పైథాన్ కోడ్ నుంచి బయటికి తీసేశాను

చీమకుర్తిలో మా బాబాయి గ్రానైట్ యార్డు స్టాక్ చూపించే వెబ్‌సైటులో పేజీల రూపాన్ని కోడ్ నుంచి ఎలా వేరు చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. ఫ్లాస్క్‌లో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) రాసింది, హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) మొత్తం పైథాన్ ఫంక్షన్లలోనే ఉంది, బటన్ రంగు మార్చాలన్నా కోడ్ ముట్టుకోవాలి. మీరు చెప్పినట్టే జింజా టెంప్లేట్లకు, అంటే పైథాన్ ఇచ్చే వివరాలు నింపడానికి ఖాళీలు వదిలిన విడి పేజీ ఫైళ్లకు, మార్చాను.

హెడర్, మెనూ, ఫుటర్ ఒకే బేస్ టెంప్లేట్‌లో ఉన్నాయి. మిగతా పేజీలు దాన్ని ఎక్స్‌టెండ్ చేసి (ఆధారంగా తీసుకుని) తమ బ్లాక్ (తమకు వదిలిన భాగం) మాత్రం నింపుకుంటాయి.

నాకు అన్నిటికంటే విలువైనది ఆటో ఎస్కేపింగ్. కస్టమర్ ఎంక్వైరీలో స్క్రిప్ట్ ట్యాగ్ (బ్రౌజర్ నడిపే కోడ్) టైప్ చేసినా అది మామూలు అక్షరాలుగానే కనిపిస్తుంది, బ్రౌజర్‌లో రన్ అవ్వదు. హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్లకు ఫ్లాస్క్ దీన్ని ముందే ఆన్‌చేసి ఉంచుతుంది. సేఫ్ ఫిల్టర్ (దీన్ని నమ్మి ఉన్నది ఉన్నట్టే చూపించు అనే గుర్తు) పెడితే ఆ రక్షణ పోతుంది, అందుకే ఎక్కడా వాడలేదు.

టెంప్లేట్‌లో ఇఫ్ (షరతు) కూడా ఉండకూడదని ఒకరన్నారు. నేను ఒప్పుకోను. స్లాబ్ చదరపు అడుగులు, ధర లెక్క పైథాన్‌లోనే ఉండాలి, నిజమే. కానీ స్టాక్ అయిపోతే ఆ వరుస బూడిద రంగులో చూపించాలా వద్దా అన్నది పేజీ సంగతే.

ఇప్పుడు ఒంగోలులో ఉన్న మా చెల్లి, పైథాన్ రాకపోయినా, బ్లాక్ గెలాక్సీ (ఒక నల్ల గ్రానైట్ రకం) పేజీని తనే మార్చేస్తోంది. చాలా సంతోషంగా ఉంది. కొటేషన్ మెయిళ్లు ఇంకా మార్చాలి.