అప్‌డేట్: వీనస్ ఫ్లైట్రాప్ కుండీ మార్చాను, బతికింది

నా వీనస్ ఫ్లైట్రాప్ (నోళ్లలా మూసుకునే ఆకులతో పురుగులను పట్టి తినే మొక్క) ఆకులు నల్లబడుతున్నాయి, తోట మట్టిలోకి మార్చవచ్చా అని అప్పుడు ఇక్కడ అడిగాను కదా. వద్దని మీరంతా ఆపడం మంచిదైంది. ఎరువు కలపని పీట్ మాస్ (ఎండిన నాచు పొడి), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) సగం సగం కలిపి, వాన నీళ్లతో బాగా తడిపి పెట్టుకున్నాను. పాత కుండీలోంచి మొక్కను లాగితే వేర్లన్నీ నల్లగా ఉన్నాయి. కుళ్లిపోయాయనుకుని గుండె ఝల్లుమంది, కత్తెర కూడా తీశాను! తీరా నొక్కి చూస్తే గట్టిగానే ఉన్నాయి. ఈ మొక్క వేర్ల రంగే అదట. దుంప మాత్రం చిన్న ఉల్లిపాయలా తెల్లగా ఉంది, ఎక్కడా మెత్తబడలేదు. పక్కనే ఒక పిల్ల దుంప కూడా కనిపించింది. టెన్షన్‌లో దాని జోలికి పోలేదు.

నాటేటప్పుడు వేలు తగిలి మూడు నోళ్లు మూసుకున్నాయి, రెండు రోజులకు తెరుచుకున్నాయి. పాత ఆకులు నాలుగు ఎండిపోయాయి. ఐదో వారంలో మధ్యలోంచి కొత్త ఆకు, దాని చివర గోరంత నోరు! ఇప్పుడు పళ్లెంలో వేలి మందం వాన నీళ్లు ఉంచుతున్నాను. కుళాయి నీళ్లు మానేశాను, ఇదివరకు అవి పోయడమే నేను చేసిన అసలు తప్పు అనుకుంటా.

పిల్ల దుంపను వచ్చే చలికాలం చివర్లో విడదీస్తాను.