కాలిన మోటారు: మళ్లీ చుట్టించాలా, కొత్తది కొనాలా?

మిర్యాలగూడ_మిల్లు:
మా రైసు మిల్లులో బియ్యం పాలిష్ పట్టే పాలిషర్ 20 హెచ్‌పీ (15 కిలోవాట్ల) మోటారు మూడోసారి కాలింది. ఇక చుట్టించొద్దు, ఐఈ3 (కరెంటు తక్కువ తినే రకం) కొనమని ఓనరు గారితో గొడవ పడుతున్నా. 15 కిలోవాట్లకి పాత ఐఈ1 సామర్థ్యం 88.7 శాతం, ఐఈ3ది 92.1. నిండు లోడు మీద గంటకి 0.6 యూనిట్లకు పైనే మిగులు. 4,000 గంటలకి దాదాపు 2,500 యూనిట్లు. ఏమంటారు?

వైండింగ్_మేస్త్రీ:
30 ఏళ్లుగా చుడుతున్నా. అదే గేజి రాగి తీగ, అవే చుట్లు వేస్తే మోటారుకేం కాదు. ఒక ఫేజు పోయినా నడిపిస్తే కాలక ఏమవుద్ది? ఫేజు పోతే మోటారు ఆపేసే ప్రివెంటర్ పెట్టారా?

మిర్యాలగూడ_మిల్లు:
పెట్టాం. పోయినసారి షాపువాళ్లు పాత తీగ ఊడదీయడానికి గ్యాసు మంట పెట్టారు, పక్కనే ఉన్నా. స్టాంపింగు (లోపలి ఇనుప రేకులు) నీలంగా తిరిగింది. రేకుల మధ్య పూత మాడిపోతే ఇనుము వేడెక్కుతూనే ఉంటుంది. తెచ్చి ఖాళీగా తిప్పినా బాడీ మీద చెయ్యి పెట్టలేకపోయాం.

వైండింగ్_మేస్త్రీ:
ఎవడో మంట పెట్టాడని అందర్నీ అంటారా? నా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు దీని మీదే బతుకుతున్నారు.

కొలిచి_చూద్దాం:
4,000 గంటలు ఎక్కడివి? సీజన్ మిల్లు 1,500 నడిస్తే 930 యూనిట్లే. ముందు టాంగ్‌టెస్టర్ (తీగ చుట్టూ పెట్టి కరెంటు కొలిచేది) పెట్టి లోడు చూడండి. బ్లోయర్లు డాంపర్ (గాలికి అడ్డుపెట్టే పలక) మూసి నడుపుతున్నారేమో కూడా చూడండి. అక్కడ గాలి అవసరం తక్కువుంటే వేగం 20 శాతం తగ్గించండి, కరెంటు దాదాపు సగమవుతుంది.

మిర్యాలగూడ_మిల్లు:
పాలిషర్ గురించి అడిగితే బ్లోయర్ అంటారేంటి సార్? మాకు రెండు సీజన్లూ పనుంటుంది.

కొలిచి_చూద్దాం:
రెండు సీజన్లు కలిపినా 4,000 రావు. మీటరు రీడింగు పెట్టండి.

ఊక_బాయిలర్:
+1, రీడింగు పెట్టండి.

వైండింగ్_మేస్త్రీ:
అసలు బిల్లు ఎవరు కడతారు? ఓనరే కడితే ఆయనకే తెలిసేది కదా.

మిర్యాలగూడ_మిల్లు:
మేమే కడతాం. మిల్లు లీజుకి తీసుకున్నాం. మిషన్లు ఆయనవి, కరెంటు మాది. చుట్టిస్తే ఆయనకి తక్కువలో పోతుంది. ఆ వేడికి నెలనెలా డబ్బు కట్టేది నేను. మూడేళ్లుగా ఇదే.

కొలిచి_చూద్దాం:
ఇది మొదటే చెప్పాల్సింది. మీరే కొని, లీజు అయ్యాక విప్పుకుపోండి.

మిర్యాలగూడ_మిల్లు:
మా బావ అలాగే కొన్నాడు. ఖాళీ చేసే రోజు మిల్లులో బిగించిందంతా మిల్లుదేనని ఓనరు గేటుకి తాళం వేశాడు.

వైండింగ్_మేస్త్రీ:
అయితే కాగితం మీద రాయించుకో తమ్ముడూ, మోటారు నంబరుతో సహా. ఈలోపు చుట్టించాల్సి వస్తే నా దగ్గరికి పంపు. మంట పెట్టను, ఓవెన్‌లో కాలుస్తా. నువ్వే పక్కన నిలబడు.