దగ్గరి అర్థాల ఇంగ్లిష్ మాటలు: నిర్వచనం ముందా, వాక్యం ముందా?

చదువరి:
ఒకేలా అనిపించే ఇంగ్లిష్ మాటల్ని విడదీసి చూడాలంటే ముందు నిర్వచనం గట్టిగా పట్టుకోవాలని నా వాదన. హిస్టారిక్ అంటే చరిత్రలో నిలిచిపోయేంత ముఖ్యమైనది. హిస్టారికల్ అంటే చరిత్రకు సంబంధించినది, అది ఎంత చిన్న విషయమైనా సరే. ఎకనామిక్ ఆర్థిక వ్యవస్థకు సంబంధించింది, ఎకనామికల్ అంటే పొదుపైనది. ఒకసారి తెలిస్తే ఇక తికమక ఉండదు.

పదసంచి:
ఆ జంటల వరకు ఒప్పుకుంటాను. మరి బిగ్, లార్జ్ సంగతేమిటి? నిఘంటువు తెరిస్తే రెండూ ‘పెద్ద’ అనే ఉంటుంది. అయినా ‘బిగ్ మిస్టేక్’ అంటారు గానీ ‘లార్జ్ మిస్టేక్’ అనరు. ‘ఎ లార్జ్ నంబర్ ఆఫ్ పీపుల్’ అన్నచోట బిగ్ పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. హాలిడే అనే భాషాశాస్త్రవేత్త చూపిన ఉదాహరణ ఇంకా బాగుంటుంది: టీ ఎప్పుడూ ‘స్ట్రాంగ్’, కారు ‘పవర్‌ఫుల్’. పవర్‌ఫుల్ టీ అంటే అర్థం కాకపోదు, కానీ అలా ఎవరూ అనరు. వానకు ‘హెవీ’, గాలికి ‘స్ట్రాంగ్’ కూడా ఇంతే. ఇది ఏ నిర్వచనానికీ అందదు. ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో చూడాల్సిందే. దీన్నే కొలొకేషన్ అంటారు. పర్యాయపదాల పట్టిక బట్టీ పట్టినవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే.

కొత్తగొంతు:
రెంటికీ ‘తక్కువ’ అనే అర్థమున్న లెస్, ఫ్యూయర్ సంగతి కూడా చూడండి. లెక్కపెట్టగలిగితే ఫ్యూయర్ వాడాలని నేర్పుతారు. మరి ‘లెస్ దేన్ టెన్ మినిట్స్’? నిమిషాలు లెక్కపెట్టగలం, కానీ అక్కడ వాటిని ఒకే వ్యవధిగా చూస్తున్నాం కాబట్టి లెస్సే సహజం. 1770లో ఇంగ్లిష్ వాడుక మీద పుస్తకం రాసిన రాబర్ట్ బేకర్ ఈ తేడా గురించి చెప్పినప్పుడు, ఫ్యూయర్ అయితే బాగుంటుందని తన అభిరుచిగానే చెప్పాడు. ఇంగ్లండ్‌లో పాలించిన ఆల్ఫ్రెడ్ రాజు పేరిట ఉన్న 9వ శతాబ్దపు ఇంగ్లిష్ అనువాదంలోనే మాటల సంఖ్యకు లెస్ వాడారు. పరీక్షలో ఫ్యూయర్ రాయండి, టెన్షన్ ఉండదు. కానీ ఎదుటివాళ్లు లెస్ అనగానే తప్పని కొట్టిపారేయకండి.

చదువరి:
కొలొకేషన్ మాట నిజమే. కానీ డిసిన్ట్రెస్టెడ్, అనిన్ట్రెస్టెడ్ తీసుకోండి. జడ్జి డిసిన్ట్రెస్టెడ్‌గా ఉండాలి, అంటే ఏ పక్షంలోనూ స్వార్థం ఉండకూడదు. అనిన్ట్రెస్టెడ్‌గా ఉంటే కేసు మీద ఆసక్తే లేదని అర్థం. చాలామంది రెంటినీ కలిపేస్తున్నారు కాబట్టి, వాక్యాలు ఎన్ని చదివినా ఈ తేడా దొరక్కపోవచ్చు. అక్కడ నిర్వచనమే దిక్కు.

పదసంచి:
ఈ జంట విషయంలో మీదే సరైన మాట. బిగ్, లార్జ్ దగ్గర మాత్రం నా మాట మార్చుకోను. అలాంటివాటికి అర్థం రాసుకుని ఊరుకోవద్దు, పక్కనే రెండు మూడు వాక్యాలు కూడా రాసుకోండి.