బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కావాలంటే యాడ్-ఆన్ లెన్స్ కొనాలా, అపర్చర్ ఒక్కటీ చాలా?

సాయంకాలం:
నాది లెన్స్ మార్చే వీల్లేని చిన్న కెమెరా, సెన్సర్ (లోపల బొమ్మ పడే చిప్) 1/2.3 అంగుళాలది. మనిషి ఫొటో తీస్తే వెనకున్న కొమ్మలు, కరెంటు తీగలు కూడా ముఖంతో సమానంగా స్పష్టంగా వచ్చేస్తున్నాయి. జూమ్ చేయకుండా, అపర్చర్ (వెలుతురు వెళ్లే రంధ్రం; ఎఫ్ నంబర్ తగ్గితే అది పెద్దదవుతుంది) ఎఫ్ 2.8 పెట్టి తీసినా అంతే. లెన్స్ ముందు బిగించే, దూరపువాటిని 1.7 రెట్లు దగ్గరగా చూపే 1.7ఎక్స్ టెలీ కన్వర్టర్ కొంటే ఏమైనా ఉపయోగం ఉంటుందా?

గాజుకన్ను:
వద్దండీ. ఆ సెన్సర్ మీద ఎఫ్ 2.8 అంటే, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ముందు నుంచి వెనక వరకు స్పష్టంగా కనిపించే మేర) లెక్కన ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్‌లో ఎఫ్ 16తో సమానం. బ్లర్ ఎక్కడి నుంచి వస్తుంది? ముందు ఇంకో గాజు తగిలిస్తే మూలలు మెత్తబడతాయి, కొమ్మల అంచుల వెంట ఊదారంగు గీత పడుతుంది. ఆ డబ్బు దాచుకుని, పెద్ద సెన్సర్ కెమెరా, 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ కొనుక్కోండి.

వెలుగునీడ:
గాజుకన్ను గారూ, సెన్సర్ సంగతి నిజమే. యాడ్-ఆన్ దండగ అంటే మాత్రం ఒప్పుకోను. మనం ఎఫ్ నంబర్ దగ్గరే ఆగిపోతున్నాం. బ్లర్‌ని తేల్చేది వెలుతురు లోపలికి వెళ్లే రంధ్రం అసలు వెడల్పు. జూమ్ చేసేకొద్దీ పెరిగే ఫోకల్ లెంగ్త్‌ని (మి.మీ.లలో చెప్పేది) ఎఫ్ నంబర్‌తో భాగిస్తే అది వస్తుంది.

ముఖం వెడల్పు 15 సెం.మీ. అనుకుందాం. వెనక బాగా దూరంలో వెలిగే దీపం ఫొటోలో గుండ్రటి మచ్చలా పడుతుంది కదా, ముఖంతో పోల్చి కొలిస్తే ఆ మచ్చ వెడల్పు దాదాపు ఆ రంధ్రమంత ఉంటుంది. జూమ్ లేకుండా 4.5 మి.మీ., ఎఫ్ 2.8 దగ్గర రంధ్రం 1.6 మి.మీ. మాత్రమే, ముఖంలో దాదాపు వందో వంతు, కంటికి ఆనదు. అదే కెమెరాని చివరిదాకా జూమ్ చేస్తే 25 మి.మీ., ఎఫ్ 5 వచ్చిందనుకోండి, రంధ్రం 5 మి.మీ. ఎఫ్ నంబర్ పెరిగినా బ్లర్ మూడింతలైంది! దానికి 1.7ఎక్స్ తగిలిస్తే 8.5 మి.మీ., అంటే ముఖంలో పద్దెనిమిదో వంతు. మీరు చెప్పిన 50 మి.మీ. లెన్స్‌ది దాదాపు 28 మి.మీ. దానికి ఇది సాటి రాదు. కానీ తేడా కళ్లకు కనిపిస్తుంది.

గాజుకన్ను:
కన్వర్టర్ పెడితే వెలుతురు తగ్గాలి కదా? 2ఎక్స్ పెడితే రెండు స్టాప్‌లు పోతాయి, అంటే నాలుగో వంతు వెలుతురే మిగులుతుంది. ఫోకల్ లెంగ్త్ రెట్టింపు, ఎఫ్ నంబరూ రెట్టింపు, రంధ్రం మాత్రం ఎప్పటిదే.

వెలుగునీడ:
అది బాడీకీ లెన్స్‌కీ మధ్య పెట్టే కన్వర్టర్ సంగతి. సాయంకాలం గారు అడిగింది ముందు బిగించేది. అందులో ఎఫ్ నంబర్ మారదు, రంధ్రమే పెద్దదవుతుంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నందుకే ఈ వాదన తెగడం లేదు.

పూలరేకు:
లెన్స్ ముందు బిగిస్తే బాగా దగ్గరి వస్తువుల మీద ఫోకస్ కుదిర్చే క్లోజప్ లెన్సుల మాట ఎవరూ ఎత్తలేదేం? పువ్వులు, పురుగులు తీసేవాళ్లకి నేను గట్టిగా చెబుతాను, అవే కొనండి. +4 పవర్‌ది తగిలిస్తే కెమెరా ఫోకస్ అనంత దూరానికి ఉన్నా, 25 సెం.మీ. దగ్గరి వస్తువు స్పష్టంగా పడుతుంది. అంత దగ్గర నుంచి జూమ్ చేసి తీస్తే ముందు రేకు స్పష్టంగా, వెనక రేకు పొగమంచులా వస్తుంది. మనుషులకి మాత్రం వాడకండి, అంత దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదై ముఖం పాడవుతుంది. ఎక్కువ మేర ఫ్రేములోకి తెచ్చే వైడ్ కన్వర్టర్‌తో అయితే ఉన్న బ్లర్ కూడా పోతుంది.

సాయంకాలం:
అంటే ముందు జూమ్ చేసి తీయాలన్నమాట. మనిషిని ఎక్కడ నిలబెట్టాలి?

వెలుగునీడ:
చెట్లకి వీలైనంత దూరంగా తీసుకురండి. వెనక గోడ రెండడుగుల్లో ఉంటే ఏ లెన్స్ పెట్టినా గోడ మరకలు కనిపిస్తూనే ఉంటాయి. చివరిదాకా జూమ్ చేసి, ముఖం ఫ్రేములో నిండేలా మీరు వెనక్కి జరగండి. ఎండ మరీ ఎక్కువై, షటర్ వేగం చాలక కెమెరా అపర్చర్ మూసేస్తుంటే, వెలుతురు తగ్గించే ఒక ఎన్‌డీ ఫిల్టర్ పెట్టండి. ఆ తర్వాతే కన్వర్టర్ సంగతి.

గాజుకన్ను:
సరే, ముందు బిగించేదాని లెక్క ఒప్పుకుంటున్నాను. కానీ బ్లర్ ఎంత ఉందనేదే కాదు, ఎలా ఉందనేదీ చూడాలి. చవక గాజుతో దీపాల మచ్చల చుట్టూ గట్టి అంచు వస్తుంది, అది కంటికి గుచ్చుకుంటుంది. కొనేముందు మీ కెమెరాకే తగిలించి, చివరిదాకా జూమ్ చేసి, మూలలు నల్లబడకుండా ఉన్నాయో లేదో చూడండి. నల్లబడితే ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.